పొలంలో చెక్క క్యాబిన్‌కు అనుమతి కావాలా?

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాము. చేవెళ్ల వైపు మా అమ్మ పేరు మీద 26 గుంటల పట్టా భూమి ఉంది. తాతగారి ఆస్తి పంపకాల్లో ఆమె వాటాగా వచ్చింది. శని, ఆదివారాలు వెళ్లి ఉండటానికి అందులో 400 చదరపు అడుగుల చెక్క క్యాబిన్ పెట్టుకోవాలని మా కోరిక. క్యాబిన్లు తయారు చేసే ఒకాయన, పునాది లేకుండా ఇనుప దిమ్మెల మీద నిలబెడతాము కనుక ఎవరి అనుమతీ అక్కర్లేదని, కావాలంటే చక్రాలు కూడా అమరుస్తామని చెప్పి అడ్వాన్సు అడుగుతున్నారు. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి కూడా ‘చిన్నదే కదా, వేసుకోండి’ అన్నారు. పొలం పడమటి గట్టును ఆనుకుని ఒక కుంట ఉంది కానీ వానాకాలంలో తప్ప అందులో నీళ్లుండవు. పొలానికి దారి మా పెదనాన్నగారి చేను గట్టు మీదుగా ఉంది. అసలు అనుమతి కావాలా, కావాలంటే ఎవరిని అడగాలి? అక్కడ కుదరకపోతే అదే క్యాబిన్‌ను కూకట్‌పల్లిలో మా డాబా మీద పెట్టుకోవచ్చా?

సమాధానం: అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. ఇవ్వకండి. మీకు అనుమతి తప్పకుండా కావాలి. అది దొరుకుతుందా లేదా అన్నది క్యాబిన్‌ను బట్టి కాక, ఆ 26 గుంటల నేలను బట్టి తేలుతుంది. ఆ నేల గురించిన జవాబులు కాగితం మీద చేతికి వచ్చిన తరువాతే తయారీదారుతో బేరం మాట్లాడటం మంచిది.

పునాది లేకపోతే అనుమతి అక్కర్లేదన్న మాట ఈ వ్యాపారంలో బాగా చలామణీలో ఉంది కానీ దానికి చట్టంలో ఆధారం లేదు. హైదరాబాద్ నగరానికి వర్తించే 1955 నాటి నగరపాలక చట్టం, భవనాల కిందికి ఏవి వస్తాయో చెబుతూ, ఇంటితో పాటు ఔట్‌హౌస్, గోదాము, షెడ్డు, గుడిసె, చివరికి గోడ, కంచె, అరుగులను కూడా చేర్చింది. అవి ఇటుకతో కట్టినవైనా, చెక్కతోనో మట్టితోనో లోహంతోనో మరే పదార్థంతోనో చేసినవైనా భవనాలేనని స్పష్టంగా చెప్పింది. మీ పొలం ఆ చట్టం పరిధిలోకి రాకపోయినా, అనుమతులు ఇచ్చే అధికారులు ఎక్కడైనా చూసేది మనుషులు వండుకుని, పడుకునేందుకు ఒకచోట నిలిపిన కట్టడమా కాదా అన్న సంగతినే. చక్రాల విషయమూ అంతే. రవాణా శాఖలో రిజిస్టరై రోడ్డు మీద తిరిగేది వాహనం అవుతుంది. ఇరుసు కింద సిమెంటు దిమ్మెలు పేర్చి, సెప్టిక్ ట్యాంకుకు గొట్టం కలిపి, గోడకు కరెంటు మీటరు బిగించిన పెట్టెను వాహనమని ఎవరినీ నమ్మించలేము. తనిఖీకి వచ్చినవారితో ఆ వాదన చేయవలసి వస్తే, చేయవలసింది పట్టాదారైన మీ అమ్మగారే తప్ప క్యాబిన్ అమ్మిన పెద్దమనిషి కాదు.

ఇంకొక అపోహ కూడా మీ దాకా వచ్చే అవకాశం ఉంది కనుక ముందే చెబుతాను. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం, 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునే ఇళ్లకు అనుమతి అవసరం లేదని, ఒక్క రూపాయి రుసుముతో వివరాలు నమోదు చేసుకుంటే చాలని చెప్పింది. మీ క్యాబిన్ 400 చదరపు అడుగులు, అంటే సుమారు 44 చదరపు గజాలు కాబట్టి ఈ మినహాయింపు మీకూ వర్తిస్తుందని ఎవరైనా నచ్చజెప్పవచ్చు. అయితే ఆ 75 గజాల లెక్క స్థలానిదే కానీ కట్టడానిది కాదు. గుంటకు 121 గజాల చొప్పున మీ స్థలం 3,146 చదరపు గజాలు. 500 చదరపు మీటర్ల వరకు స్థలాలకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే ఇచ్చే అనుమతి కూడా ఇదే కారణంగా మీకు అందదు. అధికారులు పత్రాలు పరిశీలించి 21 రోజుల్లో నిర్ణయం చెప్పవలసిన ఏకగవాక్ష పద్ధతిలోనే మీ దరఖాస్తు వెళుతుంది. ఈ దరఖాస్తులను 2025 నుంచి బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ విధానంలో తీసుకుంటున్నారు.

ఇక ఎవరిని అడగాలన్న ప్రశ్న. మీరు ఊరి పేరు రాయలేదు కనుక కొంత జాగ్రత్తగా చెప్పవలసి ఉంటుంది. చేవెళ్ల చుట్టుపక్కల గ్రామాలు చాలావరకు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, అంటే 2008లో ఏర్పడిన హెచ్‌ఎండీఏ పరిధిలో ఉన్నాయి. 2025 మార్చిలో ఆ పరిధిని ప్రాంతీయ రింగ్ రోడ్డు దాకా పెంచారు కూడా. మీది వంటి విస్తీర్ణంలో అనుమతి ఆ సంస్థ నుంచి రావాలి. పంచాయతీ కార్యదర్శి చెప్పిన మాటలో దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. కానీ నోటిమాటతో వచ్చిన అనుమతికి ఆయన బదిలీ అయిన మరునాడు విలువ ఉండదు. పైగా చేవెళ్ల, మొయినాబాద్‌లు 2025లో మున్సిపాలిటీలయ్యాయి. పొరుగు గ్రామాలు కొన్ని వాటిలో కలిశాయి. మీ ఊరు ఇప్పటికీ పంచాయతీగానే ఉందో లేదో ముందుగా నిర్ధారించుకోండి.

ఆ తరువాత చేయవలసిన మొదటి పని, సర్వే నంబరు ఇచ్చి హెచ్‌ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోవడం. 2013 జనవరిలో నోటిఫై చేసిన మెట్రోపాలిటన్ అభివృద్ధి ప్రణాళిక 2031 ప్రకారం మీ పొలం ఏ జోన్‌లో ఉందో ఆ ఒక్క కాగితం చెబుతుంది. నివాస జోన్ అయితే మీ పని సులువవుతుంది. ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం వ్యవసాయ జోన్ కావడానికే అవకాశం ఉంది. అందులో కాలనీలకు చోటు లేకపోయినా, సాగు చేసుకునేవారి ఫామ్‌హౌస్‌కు షరతుల మీద చోటు ఉంది. ఎంత వైశాల్యం కట్టవచ్చు, సరిహద్దుల నుంచి ఎంత దూరం విడవాలి అన్న వివరాలు ఆ జోన్ నిబంధనలను బట్టి ఆర్కిటెక్టు మీకు లెక్కకట్టి ఇస్తారు.

మూడో అవకాశం కొంచెం చిక్కుతో కూడినది. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని కాపాడటానికి, దాహం తీర్చడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. ఆ గ్రామాలు కొన్ని చేవెళ్ల మండలంలోనూ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69 ఇచ్చి, జలాశయాల నీటికి కీడు జరగకూడదన్న షరతుతో ఆ ఆంక్షలను సడలించింది. మరుసటి ఏడాది జీవో 111ను రద్దు చేస్తున్నట్లు కూడా ప్రకటించింది. అప్పటి నుంచి ‘111 ఎత్తేశారు, ఇక ఏమైనా కట్టుకోవచ్చు’ అనే మాట ఆ వైపు ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపిస్తుంది. ప్రకటన వచ్చినంత మాత్రాన ప్రణాళిక పటంలో మీ సర్వే నంబరు మీది జోన్ తనంతట తాను మారదు. మీ ఊరు ఆ 84లో ఒకటైతే, ప్రస్తుతం ఏ నిబంధన కింద దరఖాస్తు పరిశీలిస్తారో హెచ్‌ఎండీఏ ప్రణాళికా విభాగాన్ని లిఖితపూర్వకంగా అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.

మీకు కలిసివచ్చే సంగతి ఒకటుంది. నగరం చుట్టూ రెండు గుంటలు, నాలుగు గుంటల చొప్పున ముక్కలు చేసి ఫామ్ ప్లాట్లంటూ అమ్ముతున్నవాటి మీద అధికారులు కొంతకాలంగా గట్టిగా హెచ్చరిస్తున్నారు. 20 గుంటలకు, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లకు తక్కువైన ముక్కలను అనుమతి లేని లేఅవుట్ కిందనే చూస్తున్నారు. మీ 26 గుంటలు ఆ గీత దాటి ఉన్నాయి. అందుచేత తోబుట్టువుల మధ్య ఆ పొలాన్ని పంచుకునే ఆలోచన ఏదైనా ఉంటే, అనుమతి విషయం తేలే వరకు దాన్ని పక్కన పెట్టండి. పంచితే చెరొక 13 గుంటలై, ఇప్పుడున్న అనుకూలత ఇద్దరికీ పోతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఆపిన మాట కుంట. ‘వానాకాలంలో తప్ప నీళ్లుండవు’ అని మీరు తేలిగ్గా రాశారు కానీ, చట్టం ఈ రోజు నీరు ఎక్కడ ఉందో చూడదు. కుంట పూర్తిగా నిండి అలుగు పారేటప్పుడు నీరు ఎంతవరకు పరుచుకుంటుందో, ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ గీత లోపల ఏ కట్టడమూ కూడదు. లోపల మీకు పట్టా ఉన్నా అది నీరు తీసిన తరువాత సాగు చేసుకోవడానికే పనికివస్తుంది. గీత దాటిన తరువాత కూడా కొంత మేర బఫర్‌గా వదలాలి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్ ఉంటుంది. మీ కుంట చిన్నదే అయితే, గీత సరిగ్గా మీ గట్టు దగ్గరే ఆగిందనుకున్నా, అక్కడి నుంచి దాదాపు ముప్పై అడుగులు లోపలికి జరగాలి. గీత మీ చేనులోకి చొచ్చుకు వచ్చి ఉంటే ఆ ముప్పై అడుగులను అక్కడి నుంచి కొలవాలి.

నోటిఫై అయిన చెరువులు, కుంటల పటాలను హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో ఉంచింది. మీ కుంట అందులో ఉంటే పటం మీదనే సర్వే నంబర్ల హద్దులు కనిపిస్తాయి. లేకపోతే నీటిపారుదల, రెవెన్యూ శాఖలవారు కలిసి వచ్చి చూసి అభ్యంతరం లేదని రాసి ఇవ్వవలసి ఉంటుంది. ఆ రోజు మీరు తప్పకుండా పొలంలో ఉండండి. వారు గుర్తించిన గీత మీద రాళ్లు పాతించి, ఆ రాళ్ల నుంచి క్యాబిన్ మూలకు టేపు పట్టించి, ఆ కొలతను స్థలపటంలో మీటర్లలో రాయించండి. అలాగే కుంటలోకి నీరు తెచ్చే ఒర్రె గానీ, కాలువ గానీ మీ పొలంలోంచి పోతోందేమో చూడండి. ఎండాకాలంలో అది మామూలు పల్లంలా కనిపించి, ట్రాక్టరు దున్నేసి, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. పాత గ్రామ నక్షాలో మాత్రం ఉంటుంది. పది మీటర్ల లోపు వెడల్పున్న కాలువకు 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ పరిధి ఔటర్ రింగ్ రోడ్డు వరకే కదా, చేవెళ్ల దాని అవతల ఉంది కదా అని ఎవరైనా ధైర్యం చెబితే, ఆ నిబంధనలు హైడ్రా పుట్టిన 2024 కంటే పన్నెండేళ్ల ముందువని గుర్తుంచుకోండి. అమలు చేయడానికి నీటిపారుదల, రెవెన్యూ శాఖలు చాలు.

కుంట ఉన్న వైపే చల్లగా ఉంటుందని, చూడటానికి బాగుంటుందని క్యాబిన్ అటు పెట్టాలని మీకు మనసు పోవచ్చు. నా సలహా తూర్పు గట్టు వైపు పెట్టుకోమని. బఫర్ బెడద తప్పడమే కాక, మురుగునీరు ఇంకే గుంతను కుంటకు దూరంగా తీయవచ్చు. ఆ గుంత తాగునీటి బోరుకు 18 మీటర్లకు తగ్గకుండా, క్యాబిన్‌కు 6 మీటర్లకు తగ్గకుండా ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. బోరు ఇంకా వేయకపోతే దానికి వాల్టా, అంటే నీరు, నేల, చెట్ల పరిరక్షణ చట్టం కింద విడిగా అనుమతి తీసుకోవాలి.

జోన్ తేలింది, కుంట తేలింది అనుకుందాము. అప్పుడు నాలా మార్పిడి వస్తుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. నాలా మార్పిడి అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చడం, అది రెవెన్యూ పని. 2006 నాటి చట్టం కింద, ఇప్పుడు భూభారతి పోర్టల్ ద్వారా జరుగుతుంది. ప్రణాళికలోని జోన్ మార్చడం మరొక పని, అది ప్రభుత్వ స్థాయిలో జరుగుతుంది. నాలా కాగితం చేతిలో ఉంది కనుక ఇల్లు కట్టుకోవచ్చని అనుకుని, ఆ తరువాత జోన్ దగ్గర ఆగిపోయినవారు ఎందరో ఉన్నారు. అందుకే డబ్బు కట్టే ముందు జోన్ చూసుకోమంటున్నాను. నాలా రుసుమును భూమి మూల విలువలో ఇంత శాతమని లెక్కకడతారు. మార్పిడి లేకుండా కట్టేస్తే ఆ రుసుముతో పాటు అందులో సగం జరిమానాగా పడుతుంది. మొత్తం 26 గుంటలు మార్చవలసిన పని లేదు. క్యాబిన్‌కు, దారికి కావలసిన మేర ఆర్కిటెక్టు చెప్పిన దాన్ని బట్టి మార్పించుకుని, మిగిలినది సాగులోనే ఉంచండి. మార్చిన మేరకు రైతు భరోసా రాదు. అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పండి, తరువాత ఖాతాలో డబ్బు తగ్గిందని బాధపడకుండా ఉంటారు.

దారి గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పెదనాన్నగారితో ఇప్పుడు సఖ్యత ఉండవచ్చు. కానీ అనుమతి ఇచ్చేవారు చూసేది సఖ్యత కాదు, రికార్డులో దారి ఉందా అన్నది. గ్రామ నక్షాలో బండ్ల బాట గుర్తించి ఉంటే మంచిదే. లేకపోతే ఆయన చేనులోంచి దారి హక్కు ఇస్తున్నట్లు రిజిస్టరు చేసిన పత్రం కావాలి. దాన్ని ఆయన ఉండగానే, పిల్లల సంతకాలతో సహా రాయించుకోండి. దీనికి మొహమాటపడితే తరువాత దరఖాస్తు దగ్గరే కాదు, ఆ పొలానికి వెళ్లిరావడం దగ్గర కూడా ఇబ్బంది పడతారు.

దరఖాస్తు పట్టాదారు పేరు మీద, అంటే మీ అమ్మగారి పేరు మీదనే ఉండాలి. లైసెన్సున్న ఆర్కిటెక్టు లేదా ఇంజినీరు గీసిన స్థలపటం, క్యాబిన్ డ్రాయింగులు, పట్టాదారు పాసుపుస్తకం, పంపకాల పత్రం, భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, సర్వే స్కెచ్, నాలా ఉత్తర్వు, కుంట ఉంది కనుక నిరభ్యంతర పత్రం సిద్ధం చేసుకోండి. తాతగారి భూమి ఎప్పుడైనా ప్రభుత్వం అసైన్ చేసినదా అన్నది పాత పహాణీల్లో ఒకసారి చూపించుకోండి. అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం అడ్డు వస్తుంది, మిగతా పత్రాలన్నీ సరిగా ఉన్నా లాభం ఉండదు. కరెంటు విషయంలో కూడా ఒక హెచ్చరిక. బోరు మోటారుకున్న ఉచిత వ్యవసాయ కనెక్షన్ నుంచి క్యాబిన్‌కు తీగ లాగకండి. విద్యుత్ చట్టం దాన్ని అనధికార వినియోగంగా చూస్తుంది. గృహ కనెక్షన్ విడిగా తీసుకోవాలి.

పంపు గది అనో, ఎరువులు దాచుకునే షెడ్డు అనో చెప్పి వేసేయమని మీకు సలహా ఇచ్చేవారు ఉంటారు. ఎరువుల షెడ్డుకు గాజు తలుపులు, ఏసీ, వరండాలో ఉయ్యాల ఉండవు. రేపు పొలం అమ్మవలసి వచ్చినా, బ్యాంకులో పెట్టవలసి వచ్చినా ఆ కట్టడం కాగితాల్లో లేకపోవడం మీకే నష్టం. ఇంటి నంబరు వచ్చింది, పన్ను కడుతున్నాము, మీటరు ఇచ్చారు అనే మాటలు కూడా అనుమతికి బదులు కావు. అనుమతి లేని కట్టడానికి సైతం పన్ను వేస్తారు. ఆ రసీదు చూపించి కూల్చివేతను ఆపలేము.

కూకట్‌పల్లి డాబా మీద పెట్టుకోవడం గురించి క్లుప్తంగా చెబుతాను: వద్దు. మంజూరైన ప్లానులో మెట్లగదికి, నీళ్ల ట్యాంకుకు, లిఫ్టు యంత్రాల గదికి మినహాయింపు ఉంటుంది కానీ మనుషులు ఉండే గది ఏదైనా అదనపు అంతస్తు కిందే లెక్క. చెక్కదైనా ఆ లెక్క మారదు. సవరించిన ప్లానుకు అనుమతి వచ్చే వీలుందేమో మీ ఇంజినీరును అడగవచ్చు. అయితే బరువు సంగతి కూడా ఆలోచించండి. 20 అడుగుల ఖాళీ షిప్పింగ్ కంటైనరే రెండు టన్నులకు పైగా తూగుతుంది, మీది దానికి రెండింతలకు మించిన వైశాల్యం. ముందు పెట్టేసి తరువాత క్రమబద్ధీకరించుకుందామన్న ఆశ కూడా వద్దు. 2015లో తెచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకమే హైకోర్టు వివాదంలో ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది.

అనుమతి వచ్చిన తరువాత తయారీదారుతో ఒప్పందం రాసుకునేటప్పుడు, మంజూరైన డ్రాయింగులోని కొలతలనే అందులో పెట్టించండి. ఒక అడుగు పెంచినా ప్లాను తప్పినట్లే అవుతుంది. అనుమతి రాకముందే ధర ఖాయం చేసుకోవాలని ఆయన పట్టుబడితే, అనుమతి నిరాకరిస్తే ఇచ్చిన మొత్తం తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించి, నామమాత్రపు సొమ్ము మాత్రమే ఇవ్వండి. క్యాబిన్‌ను ఒకే పెట్టెగా తెస్తారా, పలకలుగా తెచ్చి పొలంలో బిగిస్తారా అన్నది కూడా అడగండి. మీ దారి చేను గట్టు మీదుగా ఉంది కాబట్టి ట్రెయిలరు, క్రేను అందులో రాలేవు. నేల నల్లరేగడి అయితే వానాకాలంలో అసలే కదలవు. పలకలుగా తెచ్చి బిగించేదాన్నే ఎంచుకుని, బిగింపు పనిని సంక్రాంతి తరువాతకు పెట్టుకోండి.